గుర్రానికి కాఫీ రంగు మూత్రం

ప్రశ్న: మాది పరకాల. బరాత్‌లకు తిప్పే గుర్రాన్ని మూఢంలో రెండు వారాలు కట్టేసే ఉంచాం. ఉలవల దాణా మాత్రం తగ్గించలేదు. మొన్న ఊరేగింపులో అరగంటకే చెమటలు పట్టి, వెనక కాళ్లు బిగుసుకుపోయాయి. తర్వాత మూత్రం కాఫీ రంగులో పోసింది. కిడ్నీలు పోయినట్టేనా?

జవాబు: అలా అనుకోనక్కర్లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ముందు దెబ్బతిన్నది కండరాలు. నిండా తిని, ఖాళీగా ఉండి, ఒక్కసారిగా పనిలో దిగిన గుర్రాలకు వచ్చే పాత జబ్బే ఇది. చితికిన కండరాల్లోని మయోగ్లోబిన్ అనే ముదురు రంగు పదార్థం రక్తంలో కలిసి మూత్రంలోకి దిగుతుంది. ఒంట్లో నీరు తగ్గితే అదే కిడ్నీలను దెబ్బతీస్తుంది.

మళ్లీ ఇలా అయితే అక్కడికక్కడే ఆపండి. ‘నడిపిస్తే కాళ్లు సాగుతాయి’ అనేవాళ్ల మాట వినొద్దు, ప్రతి అడుగూ నష్టమే. నీడలో నిలబెట్టి, నీళ్లు పెట్టి, డాక్టర్‌ని అక్కడికే పిలవండి. ఫినైల్‌బ్యుటజోన్ లాంటి నొప్పి మందులు సొంతంగా వేయొద్దు. నీరు తగ్గిన ఒంటికి అవి కిడ్నీల మీద మరో దెబ్బ.

ఇప్పుడు రక్తంలో సీకే, ఏఎస్‌టీ (కండరాలు ఎంత చితికాయో చెప్పేవి), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూపించండి. నీళ్లు బాగా ఎక్కించాక కూడా క్రియాటినిన్ డెసిలీటరుకు 2 మిల్లీగ్రాములు దాటే ఉంటే కిడ్నీలను అనుమానించాలి. మూత్రాన్ని ధార మధ్యలో గాజు సీసాలో పట్టండి. నేల మీద పడిన మామూలు మూత్రం కూడా కాసేపటికి గోధుమ రంగుకు తిరుగుతుంది, దాన్ని చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. సీసాలో ఎరుపు అడుక్కి దిగితే అది రక్తం, రాళ్లు ఉన్నాయేమో చూడాలి. పిడుదులు పట్టిన గుర్రమైతే, అవి ఎక్కించే బబీసియా అనే రక్త పరాన్నజీవి పరీక్ష కూడా చేయించండి.

పని లేని రోజుల్లో దాణా సగానికి కోసి గడ్డి పెంచండి. రోజూ కాసేపు తిప్పండి.