మంటలోకి వెలుతురు పంపే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చి. సుధకు పెదనాన్న ఆశీస్సులు.

పీహెచ్‌డీకి ఘన ప్రొపెల్లెంట్ (రాకెట్ల ఘన ఇంధనం) మంటలు, అందులోనూ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోస్కోపీ, అంటే మంటలోంచి వెలుతురు పంపి, ఎంత పీల్చుకుందో కొలవడం, తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. ఛాతీ ఉప్పొంగింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ప్రొపెల్లెంట్ ల్యాబులో తల నెరిసినవాణ్ని, ఆమాత్రం కంగారు ఉండదా?

కళ్లద్దాలు, గ్లోవ్స్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఛాంబర్ కిటికీలకు క్వార్ట్జే పెట్టించు. మంటలో పుట్టే ఓహెచ్‌ను (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన ముక్క) 306 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూడాలి, మందపాటి మామూలు అద్దం ఆ వెలుతురును చాలావరకు మింగేస్తుంది.

బట్టల సంగతి మాత్రం విను. ప్రొపెల్లెంట్‌లో ఆక్సిజన్ అందించే అమ్మోనియం పర్‌క్లోరేట్‌కి అల్యూమినియం పొడి తోడైతే రాపిడినీ, నిప్పురవ్వనీ క్షమించదు. మన ఉక్కపోతలో నైలాన్ చున్నీ ఊరుకుంటుంది గానీ ఏసీ గది పొడిగాలిలో చిటపటలాడుతుంది. పెద్దమ్మ మంగళగిరి కాటన్ డ్రస్సులు కుట్టిస్తోంది, ల్యాబుకి అవే వేసుకెళ్లు. నవ్వకు. చిన్నప్పుడు స్టవ్ మంట మీద ఉప్పు చల్లి, పసుప్పచ్చగా వెలిగితే చప్పట్లు కొట్టావు. వీపు మీద ఒకటి వేసింది నేనే, తర్వాత పక్కన కూచోబెట్టుకుని 589 నానోమీటర్ల సోడియం గీతల (వెలుతురులో ఆ పదార్థం గుర్తుల) గురించి చెప్పిందీ నేనే.

ఇక అసలు విషయం. లాంప్ వెలుతురు మంటలోంచి తగ్గి వస్తే, మధ్యలో ఓహెచ్ పీల్చుకుందనే అనుకుంటాం. మా గ్రూపులో ఒకాయన అలాగే అనుకున్నాడు. తెలివైనవాడే, కాకపోతే పేపర్ పంపే తొందర. అల్యూమినియం కలిపిన నమూనా కాల్చాడు. వెలుతురు బాగా పడిపోయింది. గాఢత లెక్కగట్టి, గ్రాఫు గీసి, అందరికీ టీలు కూడా తాగించాడు. తీరా చూస్తే ఓహెచ్ గీతల గుంపుకి (బ్యాండుకి) అవతల, ఏ గీతా లేని చోట కూడా వెలుతురు అంతే తగ్గింది! అల్యూమినియం కాలితే అల్యూమినా పొగ వస్తుంది. ఆ సన్నటి రేణువులు గీత ఉందా లేదా అని చూడవు, వెలుతురును చెదరగొట్టేస్తాయి. పైగా మంట ఆరాక కూడా లాంప్ రీడింగ్ పాత చోటికి రాలేదు. అంటే కిటికీకి పొర పట్టింది. వెలుతురు ఎంత తగ్గిందో చూసి గాఢత చెప్పే బీర్–లాంబర్ట్ సూత్రానికి ఇవేం తెలుసు? పోయిన వెలుతురంతా ఓహెచ్ ఖాతాలో రాసేసింది. ఆ గ్రాఫులన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ఆయన చాలాకాలం ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, పాపం.

మంట సొంత వెలుగు ఇంకో తలనొప్పి. దాన్ని తీసేయకపోతే ఈసారి ఓహెచ్ తక్కువగా కనబడుతుంది. ఏ రెండు నమూనాలూ ఒకేలా కాలవు కాబట్టి, ఒకే మంటలో చాపర్‌తో (కిరణానికి అడ్డంగా తిరిగే కంతల చక్రం) లాంప్ వెలుతురును వదులుతూ ఆపుతూ కొలువు. నమూనా కాలుతూ కిందికి దిగిపోతుంది, నీ కిరణం అక్కడే ఉంటుంది. ఏ ఎత్తులో కొలిచావో వీడియో చూసి రాసుకో.

ముందు అల్యూమినియం లేని నమూనాతోనే మొదలుపెట్టు. గైడ్ గారు తొందరపెడితే "కిటికీ తుడవాలండీ" అను. మొదటి స్పెక్ట్రమ్ రాగానే ఫోటో పంపు, ఓహెచ్ పక్కనున్న ఖాళీ చోటుతో సహా. అందంగా ఉండాలని కత్తిరించి పంపావో, ఫోన్ చేసి మరీ తిడతాను.

మీ పెదనాన్న