అప్లై చేసే ముందు ఒక ఫోన్ చెయ్యి నాయనా

తిరుపతి

చిరంజీవికి చిన్నాయన ఆశీస్సులు.

రాత్రిళ్ళు మేలుకుని నౌకరీ, లింక్డ్‌ఇన్ సైట్లలో కనపడిన ప్రతి ఉద్యోగానికీ అప్లై చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎవరూ పిలవకపోయేసరికి లోపం నీలోనే ఉందనుకుంటున్నావట. అది ముందు మనసులోంచి తీసెయ్యి. ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ పని చేసి రిటైరైనవాడిగా చెప్తున్నా, ఆన్‌లైన్‌లో ఒక పోస్టు పెడితే రెజ్యూమెలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడతాయి. ఇంటర్వ్యూకి సరిపడా మనుషులు దొరగ్గానే మిగతావి తెరిచే ఓపిక ఎవరికీ ఉండదు. నీది చదివి పక్కన పెట్టారని కాదు, అసలు చదివే ఉండరు.

అదే మా సూపర్‌వైజర్ వచ్చి "సార్, ఈ పిల్లోడు మా కాలేజీ, పని మీద శ్రద్ధ ఉంది, ఒకసారి చూడండి" అంటే ఆ కాగితం తప్పకుండా చూసేవాళ్ళం. అంతవరకే. ఇంటర్వ్యూలో నిలబడాల్సింది ఆ పిల్లోడే. కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు.

శ్రీసిటీ, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, కరకంబాడి అమరరాజా, వీటిలో ఎక్కడో ఒకచోట మీ కాలేజీ సీనియర్లు ఉండకపోరు. ల్యాబ్‌లో పనిచేసే పెద్దాయన్ని అడిగితే ఎవరెక్కడున్నారో చెప్తాడు. షిఫ్టు దిగి అలసిపోయి వచ్చేవేళ కాకుండా సెలవు రోజు చూసి వాట్సాప్‌లో ఇలా పెట్టు: "అన్నా, నేను మన కాలేజీ మెకానికల్, మీ జూనియర్‌ని. మీ ప్లాంట్‌లో క్వాలిటీ పని ఎలా ఉంటుందో పది నిమిషాలు మాట్లాడొచ్చా?" మొదటి మెసేజ్‌లోనే రెజ్యూమె పెట్టి "ఏదన్నా జాబ్ ఉంటే చూడండన్నా" అనొద్దు. ఏ పోస్టుకి, ఎవరికి చెప్పాలో తెలియక పాపం ఆయన ఊరుకుండిపోతాడు.

ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. చాలా కంపెనీల్లో నువ్వు ముందే వెబ్‌సైట్‌లో అప్లై చేసేసుంటే, తర్వాత లోపలివాళ్ళు రెఫర్ చేసినా లెక్కలోకి రాదు. ముందు మనిషిని అడుగు. ఆయన లింకు పంపితే దాంట్లోంచే అప్లై చెయ్యి.

ఆన్‌లైన్ మానేయమనడం లేదు. ఏపీపీఎస్సీ, రైల్వే లాంటివాటికి అదే దారి. అక్కడ తెలిసినవాళ్ళున్నారని ఎవడైనా డబ్బులడిగితే ఫోన్ పెట్టెయ్యి, ప్రైవేటులోనైనా అంతే. మిగతాచోట్ల కొన్నిటినే ఎంచుకుని, ప్రకటనలో అడిగిన పనుల్లో నీకు నిజంగా వచ్చినవి అవే మాటల్లో రాయి. రెండు వరుసల డిజైన్లు, టేబుళ్ళు వద్దు. కంపెనీల్లో రెజ్యూమెలు చదివే కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని కలగాపులగం చేసేస్తాయి.

ఈ ఆదివారం రెజ్యూమె ప్రింట్ తీసుకుని ఇంటికి రా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం. రేణిగుంటలో నాకు తెలిసినవాళ్ళ నంబర్లు ఇస్తాను. ఫోన్ మాత్రం నువ్వే చెయ్యాలి.

మీ చిన్నాయన