తకాషి మీకే సినిమాల్లో ఒక్కటే ఎంచుకోమంటే?

ప్రశ్న ఇది: "జపాన్ డైరెక్టర్ తకాషి మీకే వంద సినిమాలు దాటి తీశాడు. కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు పేరెత్తితేనే ఛీ అంటారు. మీకు బాగా నచ్చింది ఏది? కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఈ రెంటికీ జవాబు ఒకటే సినిమా కాదు. నాకు నచ్చింది 'రెయినీ డాగ్' (1997). మొదలుపెట్టడానికి మాత్రం 'ఆడిషన్' గానీ '13 అసాసిన్స్' గానీ.

'రెయినీ డాగ్' కథంతా తైవాన్ రాజధాని తైపేలో. జపాన్ ముఠాకి దూరమైన యూజీ (షో ఐకావా) అక్కడి డాన్ దగ్గర కిరాయి హంతకుడు. ఎప్పటిదో పరిచయమున్న ఆవిడ వచ్చి, నీ కొడుకేనంటూ ఓ మూగ పిల్లాణ్ణి వదిలేసి పోతుంది. యూజీ వాణ్ణి రమ్మనడు, పొమ్మనడు. హత్య చేయడానికి వెళ్తున్నా వాడు వెనకాలే నడుస్తాడు, రాత్రయితే బయట సందులోనే పడుకుంటాడు. మమకారం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. గంటన్నర సినిమా, ఎడతెగని వాన. మీకే అంటే రక్తపాతమే అనేవాళ్ళకి ఇది చూపించాలి. ఏ ఊరూ తనది కాని మనిషే ఆయన అసలు సబ్జెక్టు. దీంతో పాటు బ్లాక్ సొసైటీ త్రయంలో చేరే 'షింజుకు ట్రయాడ్ సొసైటీ' (1995), 'లే లైన్స్' (1999) కూడా అలాంటి మనుషుల కథలే. మూడింటికీ కథలో లింకు లేదు, ఏ వరసలో చూసినా పరవాలేదు.

'ఆడిషన్' (1999) మొదటి గంట భార్య పోయిన నడివయసు మనిషి పెళ్లి ప్రయత్నాల కథలా నింపాదిగా సాగుతుంది. బోర్ కొట్టి ఆపేసేవాళ్ళు ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి. ఖాళీ గదిలో ఆయన ఇష్టపడిన అమ్మాయి తల వంచుకుని కూర్చుని ఉంటుంది, నేల మీద ఫోను, వెనక ఒక గోనెసంచి. ఫోను మోగుతుంది, సంచి కదులుతుంది. అంతసేపూ నెమ్మదిగా నడిపింది దీనికోసమే. ట్రైలర్ చూశారో, ఇదంతా వృథా.

యాక్షనే కావాలంటే '13 అసాసిన్స్' (2010). ఎయిచి కుదో 1963లో తీసినదానికి రీమేక్. చివర్లో ఊరు మొత్తాన్నీ ఉచ్చుగా మార్చి చేసే యుద్ధమే సుమారు 45 నిమిషాలు. విదేశాల్లో విడుదలైన వెర్షన్ జపాన్ వెర్షన్ కంటే పావుగంట దాకా తక్కువ. నిడివి 140 నిమిషాల దగ్గర ఉన్నదే పూర్తిది.

'ఇచి ది కిల్లర్' (2001)తో మాత్రం మొదలుపెట్టొద్దు. దానికున్న పేరు చూసి వెళ్ళి, సగంలో లేచిపోయి, డైరెక్టర్నే పక్కన పెట్టేసేవాళ్ళు చాలామంది. అందులో ఆడవాళ్ళ మీద హింస చూడ్డం నిజంగానే కష్టం, ఆ విమర్శని నేను కొట్టిపారేయను. బ్రిటన్ సెన్సార్ మూడు నిమిషాలకు పైగా కోసింది. కోతల కాపీలో కథ ఇంకా అతుకులబొంతగా అనిపిస్తుంది, చూసేముందు ఏ వెర్షనో కనుక్కోండి.

'డెడ్ ఆర్ అలైవ్' (1999) మొదటి కొన్ని నిమిషాల దూకుడు చూసి సినిమా అంతా అలాగే ఉంటుందనుకోకండి. మధ్యలో మామూలు ముఠా కథే, క్లైమాక్స్‌లో మళ్ళీ పిచ్చెక్కుతుంది. రెండో భాగం (2000) సీక్వెల్ కాదు, హీరోలిద్దరే పాతవాళ్ళు, కథ వేరు. నన్నడిగితే మొదటిదానికంటే అదే మెరుగు.

'విజిటర్ క్యూ' ఇవన్నీ చూశాకే. ఇంట్లోవాళ్ళతో కలిసి అసలొద్దు.