ట్యాగ్ చేప దొరికిందన్నావుగా, అల్లుడూ

అల్లుడికి మావయ్య దీవెనలు.

రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. పండుగప్ప బాగుంది. వెన్ను రెక్క పక్కన పెన్ను రీఫిల్ ముక్కలా వేలాడుతున్న ఆ పసుపు గొట్టం ఏంటని అడిగావు. ఫిషరీస్ వాళ్లు వచ్చి చేపని పట్టుకుపోతారేమోనని టెన్షన్ కూడా పడుతున్నావు. ఎవరూ పట్టుకుపోరు, పులుసు పెట్టించుకో. వాళ్లకి కావలసింది గొట్టం మీది నంబరు, దాంతో పాటు నువ్వు చెప్పే నాలుగు ముక్కలు.

పరిశోధన చేసేవాళ్లు చేపని పట్టి, కొలిచి, ఆ గొట్టం గుచ్చి మళ్లీ నీళ్లలో వదులుతారు. దాన్నే ట్యాగ్ అంటారు. గంగలో ఫరక్కా ఆనకట్టకి పైన సిఫ్రి అనే కేంద్ర చేపల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన పులస జాతి చేపలకే ట్యాగులు పెట్టి వదిలారు, ఎటు పోతాయో చూడ్డానికి. ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన పుట్టి పెరిగిన మనకి ఆ ప్రశ్న కొత్తదేం కాదు.

నంబరు చెప్పకపోతే ఏమైందంటావేమో. మీ నాన్న చెరువే తీసుకో. నీళ్లు తోడకుండా అందులో ఎన్ని చేపలున్నాయో తెలియాలి. 100 పట్టి, గుర్తు పెట్టి వదిలారు. అవి మిగతావాటిలో కలిసిపోయాక వల వేస్తే 50 పడ్డాయి, వాటిలో గుర్తున్నవి 5. పదింట ఒకటి కాబట్టి చెరువులో 1000 ఉన్నట్టు. ఇప్పుడు వల లాగిన కుర్రాడు గుర్తున్నవాటిలో 3 మాట ఎత్తలేదనుకో. లెక్కకి 2 మాత్రమే వచ్చాయి. అదే లెక్క 2500 చూపిస్తుంది! చెరువులో ఒక్క చేప పెరగలేదు, కాగితం మీద పెరిగాయి. ఏట్లోనూ అంతే. మనం చెప్పకుండా ఊరుకున్న కొద్దీ గోదావరిలో చేప పుష్కలంగా ఉన్నట్టు తేలుతుంది. ఈ సంగతి నా బుర్రకెక్కేసరికి అరవై దాటాయి.

గొట్టానికి పాకుడు పట్టి ఉంటే చాకుతో గీకకు, అంకెలు పోతాయి. తడిగుడ్డతో తుడువు. ఫొటో తీసినా నంబరు కాగితం మీద కూడా రాసుకో, నీ ఫోన్ ఇప్పటికే రెండుసార్లు ఏట్లో పడింది. చేపని బల్ల మీద పక్కకి పడుకోబెట్టి కొలువు. టేపు పొట్ట వంపు మీంచి పోకూడదు, కింద తిన్నగా పరవాలి. పండుగప్ప తోక గుండ్రం కాబట్టి మూతి నుంచి తోక చివరి దాకా. రేపు బొచ్చెకో రాగండికో ట్యాగ్ కనిపిస్తే తోక చీలిక దాకా ఒకటి, చివరి దాకా ఒకటి కొలిచి, ఏది ఏదో రాయి. మొప్ప మూత అంచుతో జాగ్రత్త, చెయ్యి కోసేస్తుంది. బరువు కాటాలో తూచావా, చేత్తో అంచనా వేశావా అన్నది కూడా చెప్పు. నేను కిలో అంటే మీ అత్త ముప్పావు కిలోకే మసాలా నూరుతుంది.

కోసేటప్పుడు కడుపులో జన, అంటే గుడ్లు, ఉందేమో చూడు. పండుగప్ప మొదట మగచేపగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదవుతుంది. గుడ్లు పెట్టడానికి ఉప్పునీటి వైపు దిగుతుంది. అందుకే పొడవు, జన, పడిన చోటు మూడూ కలిపి చెప్తే వాళ్లకి పనికొస్తుంది.

తేదీ, వేళ, నీరు ఎక్కే పోటా దిగే పాటా, ఇవన్నీ మనవాళ్లు నిజమే చెప్తారు. చోటు దగ్గరే అబద్ధమాడతారు. నేనూ ఆడాను. ఏళ్ల కిందట కోటిపల్లి దగ్గర నా గాలానికి ట్యాగ్ చేప పడింది. నిజం చెప్తే మర్నాటికల్లా నా రేవులో జనం దిగుతారని, కార్డు మీద యానాం అని రాసి పోస్టు చేశాను. కొన్నాళ్లకి జవాబొచ్చింది. చేపని ఎక్కడ, ఏ రోజు వదిలారో, అప్పటికి ఎంత పొడవుందో అన్నీ రాసి, ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పారు. ఆ ఉత్తరం కంటపడ్డప్పుడల్లా, చేప పోని దారిలో వాళ్ల మ్యాపు మీద నా వల్ల ఓ గీత పడిందే అని గుచ్చుకునేది. తప్పు దిద్దుతూ ఇంకో కార్డు రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది. నువ్వు మాత్రం సాయంత్రం ఆ రేవుకెళ్లి, పడిన చోటే నిలబడి లొకేషన్ పంపు.

గొట్టం మీద అడ్రసో ఫోన్ నంబరో ఉంటే వాళ్లకే చెప్పు. అరిగిపోయి ఉంటే మీ సచివాలయంలో మత్స్య సహాయకుడికి చూపించు, లేదా కాకినాడలో సీఐఎఫ్ఈ (చేపల చదువుల సంస్థ) కేంద్రానికో, విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ (సముద్ర చేపల పరిశోధన సంస్థ) కేంద్రానికో రాయి. బహుమతి సంగతి అడిగావు. కొన్నిచోట్ల టోపీయో కొంత డబ్బో ఇస్తారు, దాని కోసం కూర్చోకు.

ఇంకెప్పుడైనా చేపని వదిలేయాలనిపిస్తే ట్యాగ్ పీకకు. అది లోపల ముల్లులా పట్టుకుని ఉంటుంది, లాగితే కండ చిరుగుతుంది. చేతులు తడుపుకుని పట్టుకో. నంబరు రాసుకుని, కొలిచి వదిలెయ్. అది మరొకరికి పడితే మూడో కబురూ అందుతుంది.

అన్నట్టు, నీ ఫొటోలో చివరి అంకె మూడో ఎనిమిదో తెలియట్లేదు. మీ అమ్మ ఆ గొట్టాన్ని పొలుసుతో పాటు ఊడ్చి పారేయకముందే, వెలుతురులో ఇంకోటి తీసి పంపు.

మీ మావయ్య