విశాఖపట్నం జాలరిపేట మీద డాక్యుమెంటరీ తీయాలంటే ఏ కెమెరా కొనాలి, దీన్నే వృత్తిగా పెట్టుకోవచ్చా?

కెమెరా సంగతి ఒక్క ముక్కలో: చేతిలో ఉన్న మంచి ఫోన్ చాలు, ఆ డబ్బు మైకు మీద పెట్టండి.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారుజామున వేలంపాట జరిగేటప్పుడు బోటు ఇంజన్లు, ఐసు పగలగొట్టే చప్పుడు, సముద్రపు గాలి కలిసి మనిషి మాటను మింగేస్తాయి. అది ఎడిటింగ్‌లో బాగుపడదు. కాలరు మైకు, దానికి బొచ్చు తొడుగు తీసుకోండి. ఉత్త స్పాంజి బీచిగాలికి ఆగదు. విడి రికార్డర్‌ని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టి, మామూలు మాట మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి. వేలంలో పాట పెంచేటప్పుడు గొంతు ఒక్కసారిగా లేస్తుంది, మీటరు జీరోకి తగిలితే ఆ ముక్క పోయినట్టే. ప్రతిచోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఊరికే రికార్డు చేసుకోండి, కోతల దగ్గర అతుకు వినపడకుండా కాపాడేది అదే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. అప్పుడు వెళ్తే మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి, వేట దొరకదు. ఇంటర్వ్యూలకు మాత్రం అదే అదను. మగవాళ్లు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా ఉంటారు, అప్పుల లెక్కలు, నిషేధ కాలపు భృతి సంగతులు అప్పుడే బయటికొస్తాయి.

డ్రోన్ మీద ఆశ పెట్టుకోకండి. నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగ ఇక్కడే ఉంది, తూర్పు నౌకాదళ కేంద్రమూ ఈ ఊళ్లోనే. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసుకోకుండా ఎగరేస్తే కేసవుతుంది. ఎత్తు నుంచి తీరం కావాలంటే కైలాసగిరి కొండ ఎక్కండి.

అసలు కష్టం అనుమతి దగ్గర. కాగితం మీద సంతకం ఒక్కటే సరిపోదు. సినిమా ఎక్కడెక్కడ వేస్తారో, యూట్యూబ్‌లో పెడతారో లేదో చెప్పి, ఒప్పుకున్న మాటను కెమెరా ముందే పలికించండి. రింగు వలల (చేపల గుంపును చుట్టేసి పట్టే పెద్ద వలల) గొడవ లాంటి విషయంలో ఒక పేటవాళ్ల మాట సాయంత్రానికి పక్క పేటవాళ్ల ఫోన్లలో ఉంటుంది. మాట్లాడినవాళ్లు రేపూ అదే సముద్రంలోకి వెళ్లాలి. అందుకే ఫైనల్ కట్‌కి ముందు ఎవరి ముక్క వాళ్లకి చూపించి తీరాలి. ఇది దర్శకుడి స్వేచ్ఛకు అడ్డమనేవాళ్లున్నారు, నాకు ఆ వాదన నచ్చదు.

మీ సినిమాతో మార్పు రావాలంటే దాన్ని చూడాల్సింది ఎవరో షూటింగ్‌కి ముందే రాసుకోండి. మత్స్యశాఖ అధికారికి 12 నిమిషాలు మించితే ఓపిక ఉండదు. పేటలో రాత్రి తెర కట్టి వేస్తే గంటైనా కూర్చుంటారు. రెండు కట్‌లు చేయండి. హాల్లో జనానికి వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, సెన్సార్ బోర్డు మన ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో. ఫెస్టివల్‌కైతే నిర్వాహకులే సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటారు. పేరున్న డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ అంతటివాడు కూడా దూరదర్శన్‌లో తన సినిమాలు వేయించుకోవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది, కాబట్టి టీవీని నమ్ముకుని లెక్కలు వేయకండి.

బతుకుదెరువు అంటారా, మొదట్లో స్వచ్ఛంద సంస్థల వీడియోలు, శిక్షణ చిత్రాలే కూడు పెడతాయి. ఒప్పందంలో మూడు రాయించుకోండి: సగం అడ్వాన్సు, మార్పులు రెండుసార్లకు మించవని, రా ఫుటేజ్ (ఎడిట్ చేయని షూటింగ్ అంతా) మీదేనని. మూడోది వదిలేస్తే, మీరు తీసిన మనుషుల ముఖాలు రేపు ఆ సంస్థ విరాళాల పోస్టర్ మీద కనిపిస్తాయి, అడగడానికి మీకు హక్కుండదు.