గోడ ఆగిన చోటి నుంచి పచ్చిక మీద

లండన్ పార్కుల్లో పాత మానసిక వైద్యశాలల ఆనవాళ్లు ఎక్కడైనా మిగిలాయా అని అడిగారు. మిగిలాయి. మా ఇంటికి పది నిమిషాల నడకలో, లాంబెత్ రోడ్డు పక్కన, జెరాల్డిన్ మేరీ హార్మ్స్‌వర్త్ పార్కు ఉంది. అందులోని ఇంపీరియల్ వార్ మ్యూజియం చూడటానికి మనవాళ్లు కూడా చాలామంది వస్తారు. ముందున్న రెండు పెద్ద ఫిరంగుల దగ్గర ఫోటోలు దిగి లోపలికి వెళ్లిపోతారు. ఆ భవనమే ఒకప్పటి బెత్లెం ఆసుపత్రి. 1247లో మఠంగా మొదలైన ఆ సంస్థ 1815లో ఇక్కడికి వచ్చింది. 1930లో శివారులోని బెకెన్‌హామ్‌కు మారి, అక్కడ ఇప్పటికీ నడుస్తోంది.

అయితే ఆ స్తంభాలు, గుమ్మటం చూసి రోగులు అక్కడే ఉండేవారని అనుకోకండి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గుమ్మటం కింద ఉన్నది ప్రార్థన మందిరం. రోగుల గదులు అటూ ఇటూ పొడవుగా సాగిన భాగాల్లో ఉండేవి. లార్డ్ రోదర్‌మియర్ ఈ స్థలం కొని తల్లి పేరిట పార్కుగా ఇచ్చినప్పుడు వాటిని కూల్చేశారు. మిగిలిన నడిమి భాగంలోకి 1936లో మ్యూజియం వచ్చింది. కాబట్టి వెళ్లినప్పుడు గోడ ఎక్కడ ఆగిందో చూసి, అదే వరుసలో పచ్చిక మీద నడవండి. మనుషులు ఏళ్ల తరబడి బతికింది ఆ గడ్డి ఉన్నచోటే.

1843లో బ్రిటన్ ప్రధాని కార్యదర్శిని కాల్చి చంపిన డేనియల్ మెక్‌నాటన్‌ను మతిస్థిమితం లేనివాడని తేల్చి ఈ ఆసుపత్రికే పంపారు. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నాడు. ఆ తీర్పుపై రేగిన చర్చలో పుట్టిన సూత్రాలే, మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పని నేరం కాదని చెప్పిన, 2024 వరకు అమల్లో ఉన్న మన శిక్షాస్మృతి 84వ సెక్షన్‌కు ఆధారం.

బెత్లెం పేరు జనం నోట బెడ్లమ్‌గా మారి, చివరికి ఇంగ్లిషులో గోలకూ గందరగోళానికీ మాటగా స్థిరపడింది. అది తెలిసిన రోజు నాకు ఎర్రగడ్డ గుర్తొచ్చింది. మా పెద్దనాన్న అక్కడ మూడు నెలలు చికిత్స తీసుకుని కోలుకున్నారు, మళ్లీ బడికి వెళ్లి లెక్కలు చెప్పారు. అయినా వీధిలో పిల్లలకు మేము ‘ఎర్రగడ్డ వాళ్లమే’. ఒక ఊరి పేరును తిట్టుగా వాడటం ఎంత క్రూరమో ఆ మాట పడ్డవాళ్లకే తెలుస్తుంది. బస్సు అటుగా వెళ్తుంటే పెద్దమ్మ కిటికీ వైపు తల తిప్పేది కాదు.

పోయిన వేసవిలో పెద్దమ్మ లండన్ వచ్చింది. మ్యూజియంలోకి రానంది. ఆసుపత్రి ఎంతవరకు ఉండేదని అడిగితే చూపించాను. చెప్పులు విప్పి, గోడ చివరి నుంచి చెట్ల దాకా మెల్లగా నడిచి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

“ఎర్రగడ్డలో మీ పెద్దనాన్న వార్డు ముందు వేపచెట్టు ఉండేదిరా. సాయంత్రాలు ఇద్దరం దాని కింద కూర్చునేవాళ్లం” అంది.