మీ ప్రశ్నకు జవాబు: రాకడ దగ్గరైతే పొదుపెందుకు?

ప్రశ్న: మావారు ఏడాదిగా 'ప్రభువు రాకడ దగ్గరపడింది, ఇంకా దాచుకోవడం అవిశ్వాసం' అంటున్నారు. పాపకి సుకన్య సమృద్ధి కట్టడం ఆపేశారు. ఆయన బీమా ప్రీమియం కూడా ఆగిపోయింది. షాపు వారంలో మూడు రోజులే తీస్తున్నారు. ఏమైనా అంటే నా మనసు లోకం మీద ఉందంటారు. నిజంగా నాదే తప్పా?
— ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: సహోదరీ, రాకడ కోసం, అంటే యేసు ప్రభువు తిరిగి రావడం కోసం, ఎదురుచూడటంలో మీవారి తప్పేమీ లేదు. తప్పంతా షాపు మూసి ఎదురుచూడటంలోనే ఉంది. ప్రభువు దినం వచ్చేసిందన్న మాట విని అపొస్తలుడైన పౌలు కాలంలో థెస్సలొనీక పట్నపు క్రైస్తవ సంఘం కలవరపడింది. అదే సంఘంలో కొందరు పని మానేసి పరుల జోలికి పోతూ తిరిగారు. పౌలు వాళ్లను భక్తిపరులని మెచ్చుకోలేదు. 'ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు' అని రాశాడు (2 థెస్స 3:10). ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని తిమోతికి రాసిందీ ఆయనే (1 తిమోతి 5:8). అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని నమ్మారు. కొందరు పంట కూడా కోయకుండా వదిలేశారు. ఆ రోజు వచ్చింది, వెళ్లింది. చలికాలం మాత్రం ఆగలేదు.

మీవారితో వచనానికి వచనం ఎదురు పెట్టి వాదించకండి, గెలిచినా ఇల్లు ఓడుతుంది. యిర్మీయా 32వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. పట్నం పడిపోతుందని ప్రకటించిన యిర్మీయా ప్రవక్త చెరసాల ఆవరణంలో ఉన్నాడు. అప్పుడు దేవుడు ఆయనతో అనాతోతులో పొలం కొనమన్నాడు. 17 తులాల వెండి తూచి ఇవ్వడం, క్రయపత్రం రాసి ముద్ర వేయడం, సాక్షుల సంతకాలు, ముద్ర వేసిన ప్రతి ఒకటి, వేయనిది ఒకటి, రెంటినీ మంటికుండలో పెట్టించడం అన్నీ వరసగా ఉంటాయి. మన రిజిస్ట్రార్ ఆఫీసు పద్ధతికి ఏమీ తీసిపోదు. పట్నం పడిపోతుందని అందరికంటే బాగా తెలిసినవాడే కాగితాలు అంత జాగ్రత్తగా పెట్టించాడు.

ఇక పని దగ్గరికి వద్దాం. ముందు షాపు ఆరు రోజులూ తీయాలి. తర్వాత బీమా: ఆగిపోయిన పాలసీని నిర్ణీత గడువులోపల బాకీ, వడ్డీ కట్టి పునరుద్ధరించుకోవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ ఆరోగ్య పరీక్షలు అడిగే అవకాశం ఎక్కువ, కాబట్టి ఈ వారమే కార్యాలయానికి వెళ్లండి. సుకన్య ఖాతా అంత తొందర కాదు. ఆగిన ఒక్కో ఏడాదికి కనీస మొత్తం 250 రూపాయలు, జరిమానా 50 కడితే మళ్లీ నడుస్తుంది.

మరి 'ధనం కూర్చుకోవద్దు' అన్న మాటో? లూకా 12లో ప్రభువు చెప్పిన ఉపమానంలోని ధనవంతుడి మాటలు పెన్సిలుతో గీత గీస్తూ చదవండి: నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, నా ప్రాణం. కొట్లు ఉండటం నేరమని ప్రభువు అనలేదు. ఆ లెక్కలో దేవుడూ లేడు, పొరుగువాడూ లేడు. మీ పొదుపు పుస్తకంలో ఇతరుల కోసం ఒక వరస ఉంటే భయం లేదు. ఒక మాట చెప్పక తప్పదు: 'దాచుకోవద్దు' అని బోధించేవారిలో కొందరు తమ మందిరం స్లాబు మాత్రం యాభై ఏళ్లు నిలిచేలా వేయిస్తారు. ఆగిన డబ్బు ఎటు వెళుతోందో మెల్లగా అడగండి.

ప్రశ్న: ఉదయం ప్రార్థనలో నిత్యత్వం గుర్తుంటుంది. ఆఫీసుకెళ్లాక పది గంటలకల్లా మాయం. నిలబెట్టుకునే అభ్యాసం ఏదైనా ఉందా? వయసు 42.
— ఒక సోదరుడు, హైదరాబాదు

జవాబు: ఉంది. 'మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము' అన్నది 90వ కీర్తన. అదే కీర్తన ఆయుష్షు 70 అంటుంది, బలం ఉంటే 80. మీకు 70కి 28 ఏళ్లు, అంటే సుమారు 1,460 ఆదివారాలు. ఆ అంకె పెద్దగానే కనిపించి మోసం చేస్తుంది. అందుకే దగ్గరి అంకె వేయండి: ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే, ఇంటర్ హాస్టల్‌కి వెళ్లేలోపు మిగిలినవి 40 ఆదివారాలేనేమో.

శనివారం రాత్రి 20 నిమిషాలు చాలు. ఫోన్లో ఆ వారం యూపీఐ చెల్లింపులు, స్క్రీన్ టైమ్ తెరిచి, ఒక పేజీలో మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: ఎవరికి మేలు జరిగింది, ఎవరి మెప్పు కోసం చేశాను, వచ్చే వారం ఏ ఒక్కటి మార్చాలి. ఒక్కటే. ఐదు రాస్తే ఒక్కటీ జరగదు. రోజూ చేయబోతే నాలుగో రోజుకే మూలపడుతుంది.

చాలామంది జారేది ఇంకో చోట. కూడికలు, ఉపవాస ప్రార్థన 'నిత్యమైనవి' అని, ఆఫీసు, ఇంటి పని 'అనిత్యమైనవి' అని రెండు గళ్లు గీస్తారు. కొలొస్సయి 3 పైనున్నవాటి మీద మనసు పెట్టమంటూ మొదలై భార్యాభర్తలు, పిల్లల దగ్గరికి, యజమాని చూసినప్పుడే పనిచేసే దాసుల దగ్గరికి దిగుతుంది. ప్రతిఫలం పోదని ప్రభువు చెప్పింది గిన్నెడు చన్నీళ్ల గురించి (మత్తయి 10:42). మేనేజరు లేనప్పుడు మీరు తయారుచేసే రిపోర్టు ఏ గడిలోకి వస్తుందో ఆలోచించండి.

ప్రశ్న: కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. పోయిన వారం అమ్మ ప్రభువునందు నిద్రించింది. రాలేకపోయాను. ఏడుస్తుంటే 'పరలోకంలో ఉన్న మనిషి కోసం ఏడుపేంటి' అంటున్నారు.
— ఒక సోదరి

జవాబు: ఏడవండి తల్లీ. 'నిరీక్షణలేని యితరులవలె' దుఃఖపడవద్దని వాక్యం అంది గానీ, దుఃఖపడవద్దని అనలేదు. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో తానే లేపబోతూ కూడా 'యేసు కన్నీళ్లు విడిచెను'. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన స్తెఫనును సమాధి చేసిన భక్తిగలవాళ్లు గట్టిగానే ప్రలాపించారు (అపొ. 8:2).

ఊళ్లో తమ్ముడికి ఫోన్ చేసి, 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోమనండి. అమ్మ పింఛను, బ్యాంకు పనులకు అది కావాలి. మీరు అమ్మ గురించి ఒక ఉత్తరం రాసి పంపండి. జ్ఞాపకార్థ కూడికలో పాస్టర్ గారి సందేశానికి ముందే దాన్ని చదవమనండి, చదివేటప్పుడు వీడియో కాల్ పెట్టమనండి.